తుఫాను రోజులకు బ్యాటరీ ఎంత కావాలి? చెన్నైలో ఒక ఇంటి లెక్క

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. పళ్ళికరణైలో సొంతిల్లు, మొదటి అంతస్తులో అమ్మానాన్నలు ఉంటారు, నాన్నగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. 2023 డిసెంబరు తుఫానుకి మూడు రోజులు కరెంటు లేక నానా అవస్థ పడ్డారు. ఇంట్లో 850 వీఏ ఇన్వర్టర్, రెండేళ్ళ క్రితం కొన్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ రకం, ఒకటి ఉన్నాయి. షాపతను అలాంటివే ఇంకో మూడు తగిలిస్తే రెండు రోజులు ఢోకా ఉండదంటున్నాడు. అది నమ్మొచ్చా, లేక లిథియం కొనాలా అన్నది మీ సందేహం.

రెండు రోజులు రావు. ఇప్పుడున్న ఫ్యాన్లూ ఫ్రిజ్జూ మామూలుగా నడిపితే ఒక రోజు నిండడం కూడా కష్టమే. అయితే నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటుంది. షాపతను ఎంత నిల్వ ఉంటుందో చెప్పాడు గానీ, ఒకసారి ఖాళీ అయ్యాక మళ్ళీ ఎలా నిండుతుందో చెప్పలేదు. మూడు రోజుల కరెంటు కోతకి ఆ రెండోదే అసలు ప్రశ్న.

ముందు మీ ఏరియా సంగతి. మామూలు రోజుల్లో పోయే గంటా గంటన్నరకి మీ ఒక్క బ్యాటరీ చాలు, దాని జోలికి వెళ్ళొద్దు. తుఫాను సంగతి వేరు. ఆ డిసెంబరు తుఫాను మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దానికి ముందు చెన్నైని ముంచి వెళ్ళింది. వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచూర్ వైపు నీళ్ళు నిలిచినచోట షాక్ కొట్టకుండా ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళు సప్లై ఆపేశారు. పడిపోయిన స్తంభం నిలబెడితే వచ్చే కరెంటు కాదది, వీధిలో నీళ్ళు దిగితేగానీ రాదు. మీది చిత్తడి నేల పక్కనున్న ఏరియా కాబట్టి వాన ఆగినా నీళ్ళు వెంటనే దిగవు. అంటే ఆకాశం తెరిపి ఇచ్చాక కూడా ఒకటి రెండు రోజులు చీకట్లోనే ఉంటారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, సోలార్ దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

లెక్క ఏహెచ్‌లలో వెయ్యకండి. యూనిట్లలో వెయ్యండి, కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 ఇంటూ 150, 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. ఇంట్లో సామాను రోజుకి ఎన్ని యూనిట్లు తింటుందో తెలిస్తే మిగతాదంతా భాగహారమే.

వాడకం కొలవడానికి ఖర్చు లేని దారి ఒకటుంది. మీ ఈబీ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో అంకె ఉంటుంది, చాలా మీటర్లలో 3200. ఇన్వర్టర్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, మీ హాల్ ఫ్యాన్ ఒక్కటే ఫుల్ స్పీడ్‌లో పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టండి. నాలుగు సార్లు మిణికితే అది 75 వాట్ల పాతరకం ఫ్యాన్. అదే తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యానైతే 30 వాట్ల దగ్గర ఉంటుంది, ఐదు నిమిషాలు నిలబడితేగానీ ఎనిమిది మిణుకులు రావు. ఈ తేడాని ఒకసారి కళ్ళారా చూస్తే ఫ్యాన్లు ఎందుకు మార్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫ్రిజ్‌కి ఈ పద్ధతి పనికిరాదు. దాని కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, నిమిషం చూస్తే ఏమీ తేలదు. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో ప్లగ్‌కి తగిలించే చిన్న ఎనర్జీ మీటర్లు దొరుకుతాయి. ఒకటి తెచ్చి ఫ్రిజ్‌కి పూర్తిగా ఒక రోజు పెట్టి ఉంచండి. తలుపు మీద స్టార్ లేబుల్‌లో ఏడాదికి 220 యూనిట్లు అనుంటే రోజుకి 0.6 పడాలి. కానీ తలుపు రబ్బరు సడలిన పాత ఫ్రిజ్, పైగా చెన్నై వేడి. మీరు కొలిచేదాకా 1.2 అనుకుందాం.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. పాత ఫ్యాన్లు రెండు, 16 గంటలు, 2.4 యూనిట్లు. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు సాయంత్రం ఆరు గంటలు, 0.2. వైఫై పెట్టె రోజంతా, 0.3. ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, 0.3. వార్తల కోసం కాసేపు టీవీ, 0.2. ఫ్రిజ్, 1.2. మొత్తం 4.6. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చడంలో పోయేది పది శాతం వేసుకుంటే 5.1 అవుతుంది.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు, షాపుల్లో అసలు చెప్పరు. ఇన్వర్టర్ మీద ఏ లోడూ లేకపోయినా, ఊరికే ఆన్‌లో ఉండడానికే అది కొంత తింటుంది. మీలాంటి చిన్నదానికి 20 వాట్ల చుట్టుపక్కల. చాలా చిన్న అంకెలా ఉంటుంది గానీ, 24 గంటలకి దాదాపు అర యూనిట్. అంటే రోజంతా తిరిగే వైఫై కన్నా ఇన్వర్టర్ తన కడుపుకే ఎక్కువ తింటుంది. అదీ కలిపితే రోజుకి 5.6 యూనిట్లు. ఆ రెండు ఫ్యాన్లూ బీఎల్‌డీసీకి మారిస్తే ఈ 5.6 కాస్తా 4.1 అవుతుంది. ఫ్యాన్ ఒక్కోటి మూడు వేల ప్రాంతంలో దొరుకుతుంది. రోజుకి ఒకటిన్నర యూనిట్ అదనంగా ఇచ్చే బ్యాటరీ ఆ డబ్బుకి ఎక్కడా రాదు. కాబట్టి బ్యాటరీ షాపుకి వెళ్ళేముందు ఫ్యాన్ల షాపుకి వెళ్ళండి.

ఇక షాపతను చెప్పిన నాలుగు బ్యాటరీలు. పేపర్ మీద 7.2 యూనిట్లు. లెడ్ యాసిడ్‌ని సగం కన్నా లోతుకి దించకూడదని ఇంటర్నెట్‌లో ప్రతిచోటా చదువుతారు. రోజూ బ్యాటరీ మీదే బతికే ఆఫ్‌గ్రిడ్ ఇంటికి అది సరైన మాటే. మీలాగా ఏడాదికి ఒకసారో రెండుసార్లో లోతుకి దించేవాళ్ళు దానికి అంతలా భయపడక్కర్లేదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు. ట్యూబులర్‌ని చంపేది ఎక్కువగా అప్పుడప్పుడూ దించడం కాదు. దించాక నింపకుండా వదిలెయ్యడం, ఏడాది పొడవునా వేడిలో ఉంచడం, నీళ్ళు తగ్గినా చూడకపోవడం, ఇవీ. సరే, 80 శాతం అంటే 5.8 యూనిట్లు. రెండు మూడేళ్ళు వాడేసరికి దానిలోనూ ఐదో వంతు తగ్గుతుంది, 4.6 మిగులుతాయి. మీ పాత ఫ్యాన్లతో ఇరవై గంటలు, కొత్త ఫ్యాన్లతో ఇరవై ఏడు గంటలు. రెండు రోజుల మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతన్నే అడగాలి.

షాపతనికి అనుకూలంగా ఒక్కటి చెప్పాలి. బ్యాటరీ మీద రాసే ఏహెచ్ మన దగ్గర ఇన్వర్టర్ బ్యాటరీలకి ఎక్కువగా 20 గంటల్లో నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క. వేగంగా లాగితే అంత దక్కదు. మీది సగటున 170 వాట్ల లోడే, అదీ నాలుగింటి మీద పంచుకుంటుంది కాబట్టి ఆ కోత మీకు పడదు. ఏసీ కూడా నడుపుదామనుకుంటే మాత్రం ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

అసలు చిక్కు ఛార్జింగ్ దగ్గర. మీ 850 వీఏ ఇన్వర్టర్ 12 వోల్టులది, కాబట్టి నాలుగు బ్యాటరీలనీ పారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలుపుతాడు. 600 ఏహెచ్ అవుతుంది. దానిలో 480 ఖాళీ అయ్యాయనుకోండి. ఆ ఇన్వర్టర్‌లోని ఛార్జర్ ఒక్క బ్యాటరీ కోసం చేసింది, 12, 13 ఆంపియర్లకి మించి ఇవ్వదు. 480ని 13తో భాగిస్తే 37 గంటలు. మధ్యలో వృథా అయ్యేది, చివర్లో నిదానించేది కలుపుకుంటే నిండా రెండు రోజులు. మునిగిన ఏరియాలో కరెంటు వచ్చినట్టే వచ్చి పోతుంది, అనుభవమే కదా. మధ్యలో ఐదు గంటలు వచ్చిందనుకుంటే మీ బ్యాటరీలకి ఎక్కేది ముక్కాలు యూనిట్ కూడా ఉండదు. నాలుగు బిందెలు కొని నిమిషానికి చెంబుడు నీళ్ళిచ్చే కుళాయి కింద పెట్టినట్టు. పైగా సగం సగం నిండుతూ వారాల తరబడి ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తువ రాదు.

రెండేళ్ళ బ్యాటరీ పక్కన కొత్త మూడు కలపడం ఇంకో తప్పు. పాతది అలిసిపోయి ఉంటుంది. కొత్తవి దాన్ని మోస్తూ అవీ త్వరగా అలిసిపోతాయి. ఎవరు ఎంత చెప్పినా పాతా కొత్తా కలపనివ్వకండి.

అందుకే మీ పరిస్థితికి లిథియం వైపే మొగ్గుతాను. ఎక్కువ రోజులు మన్నుతుందని షాపుల్లో ఊదరగొడతారు, దానికోసం మాత్రం కాదు. గబగబా నిండుతుంది కాబట్టి. కొనేది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అయ్యుండాలి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్ ఒకటి అంటే 5.1 యూనిట్లు, 90 శాతం వాడుకున్నా 4.6 చేతికొస్తాయి. నాలుగు ట్యూబులర్లు మూడేళ్ళకి ఇచ్చేదీ అంతే. దానికి 48 వోల్టుల ఇన్వర్టర్ 40 ఆంపియర్లతో ఛార్జ్ చేస్తే గంటకి రెండు యూనిట్లు ఎక్కుతాయి. రెండున్నర గంటలు కరెంటు వస్తే చాలు, ప్యాక్ నిండిపోతుంది. ఇందాకటి ఐదు గంటలతో పోల్చి చూసుకోండి.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి. మీ పాత ఇన్వర్టర్‌కి లిథియం తగిలించడానికి ఒప్పుకోకండి. దాని ఛార్జింగ్ పద్ధతి లెడ్ యాసిడ్ కోసం రాసింది, పలకల మీది సల్ఫేట్ వదిలించడానికి మధ్యమధ్యలో వోల్టేజ్ పెంచుతుంది, అప్పుడు ప్యాక్‌లోని బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే సర్క్యూట్) కట్ చేసేస్తుంది. సెట్టింగుల్లో లిథియం అని ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ (వీధి కరెంటు, బ్యాటరీ, సోలార్ మూడింటితో నడిచేది) తీసుకోండి. 3 కేవీఏ మీకు చాలు, 5 కేవీఏ వద్దు. ఎందుకంటే పెద్ద ఇన్వర్టర్ ఊరికే తినేది కూడా పెద్దగానే ఉంటుంది. డేటాషీట్‌లో నో లోడ్ వాట్లు ఎంతో చూడందే డబ్బు కట్టొద్దు. 40 వాట్లు అనుకుంటే రోజుకి ఒక యూనిట్ దానికే పోతుంది, మీ లెక్క 4.1 నుంచి 4.6 అవుతుంది. ప్యాక్ ఇచ్చేది కూడా 4.6. అంటే ఏమీ తగ్గించుకోకుండా సరిగ్గా ఒక రోజు. ఇంకోటి, ఎల్‌ఎఫ్‌పీలో వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కుదరదు. చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. శాతం చూపించే డిస్‌ప్లే ఉన్నదే కొనండి, లేకపోతే అర్ధరాత్రి ఎప్పుడు ఆరిపోతుందో తెలియక అమ్మగారికి టెన్షన్.

ఒక రోజే వస్తే మిగతా రెండు రోజులు ఎలా అంటారా? దానికి ఇంకో ప్యాక్ కొనకండి. ఆ డబ్బు డాబా మీద పెట్టండి. 540 వాట్ల ప్యానెళ్ళు మూడు చాలు. ఎండ ఉన్న రోజు చెన్నైలో కిలోవాట్‌కి నాలుగు యూనిట్ల దాకా వస్తాయి, డిసెంబరు మబ్బులు కలిపి చూసినా మూడు ప్యానెళ్ళ మీద నాలుగైదు యూనిట్లు ఆశించవచ్చు. కుండపోత పడే రోజు ఒక యూనిట్ కూడా రాదు, ఆ రోజు దాన్ని లెక్కలో వేసుకోవద్దు. కానీ ఇందాక చెప్పాను కదా, వాన ఆగాకే మీకు ఎక్కువసేపు చీకటి. ఆ రోజుల్లో ఎండ కాస్తుంది, నీళ్ళ వల్ల కరెంటు రాదు. ప్యానెళ్ళు పని చేసేది సరిగ్గా అప్పుడే.

సబ్సిడీతో వచ్చే మామూలు ఆన్‌గ్రిడ్ (వీధి లైన్‌కి కలిపి, బ్యాటరీ లేకుండా నడిచే) సోలార్ దీనికి పనికిరాదని ముందే తెలుసుకోండి. వీధిలో కరెంటు పోగానే అది కూడా ఆగిపోతుంది. లైన్ మీద పని చేస్తున్న మనిషికి మన డాబా నుంచి షాక్ కొట్టకూడదని అలా కట్టారు, అది ఉండాల్సిన జాగ్రత్తే. నెత్తిన మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టుకుని మిచౌంగ్‌కి కొవ్వొత్తులు వెలిగించుకున్నవాళ్ళు ఉన్నారు. మీకు కావలసింది బ్యాటరీతో కలిసి నడిచే హైబ్రిడ్. బిల్లు తగ్గుతుందని మాత్రం దీన్ని కొనకండి, రెండు నెలలకి మొదటి 100 యూనిట్లు ఉచితంగా వచ్చే రాష్ట్రంలో ఇంత చిన్న సిస్టమ్‌కి ఆ లెక్క అంత బాగా తేలదు. ప్యానెళ్ళ స్టాండ్ గట్టిగా ఉండాలి. 2016 వర్దా తుఫానుకి గాలి వంద కిలోమీటర్ల వేగం దాటింది. నాలుగు సిమెంట్ దిమ్మల మీద ఊరికే పెట్టి వెళ్ళేవాళ్ళని రానివ్వకండి.

ఇక పొదుపు. తుఫాను మొదలైన గంట నుంచే లోడ్ తగ్గించాలి, సగం అయిపోయాక తగ్గిస్తే లాభం లేదు. ఫ్రిజ్‌ని పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిపితే 0.6కి దిగుతుంది, తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. రాత్రి మాత్రం ఎక్కువసేపు ఆగి ఉంటుంది కాబట్టి ఐస్ సీసాలు ముందే గడ్డకట్టించి లోపల పెట్టండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐస్‌కి ఆనుకుని గడ్డకడితే పాడైపోతుంది, అందుకని లోపల ఒక చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోండి. వాడుతున్న పెన్ను బయట ఎన్నాళ్ళు ఉంచవచ్చో నాన్నగారి డాక్టర్ని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. డిసెంబరు వానలో పగలు ఫ్యాన్ లేకపోయినా గడుస్తుంది. రాత్రి దోమలకి తలుపులు బిగించుకుంటారు, అప్పుడు తప్పదు, ఎనిమిది గంటలకి రెండు బీఎల్‌డీసీలూ కలిపి అర యూనిట్. లైట్లు, వైఫై, ఫోన్లు కలిపి 0.6. పగలు కొన్ని గంటలు ఇన్వర్టర్ స్విచ్చే ఆపేయండి. ఇలా చేస్తే రోజుకి రెండున్నర యూనిట్లలో సరిపోతుంది. అంటే చినుకు తెరిపివ్వకపోయినా ఒక్క ప్యాక్ దాదాపు రెండు రోజులు లాగుతుంది, మూడో రోజు ఎండ అందుకుంటుంది. షాపతను నాలుగు బ్యాటరీలతో ఇస్తానన్న రెండు రోజులు ఇలా వస్తాయి.

బోరు మోటార్ సంగతి మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఒక హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు వెయ్యి వాట్లు దాటుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. దాన్ని ఈ ఇన్వర్టర్ మీద పెట్టొద్దు. తుఫాను హెచ్చరిక రాగానే పైన ట్యాంక్ నింపేసుకోండి, ఎలాగూ వరద కలిసిన సంప్ నీళ్ళు వాడలేరు.

ఎక్కడ పెట్టాలి? మన ఇళ్ళల్లో అలవాటుగా మెట్ల కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో పెడతారు. మీ వీధిలో అది నీళ్ళలో పెట్టినట్టే. డాబా మీద రేకుల గదిలోనూ వద్దు, మే నెలలో లోపల 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో ఛార్జ్ చేస్తే లిథియంకీ మంచిది కాదు. లెడ్ యాసిడ్ అయితే మరీను, పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగం అవుతుంది. మొదటి అంతస్తులోనే, ఎండ తగలని గోడకి, గాలి ఆడేచోట, ప్యాక్ బరువు మోసే ఇనప స్టాండ్ మీద పెట్టించండి. పడకగదిలో వద్దు.

వైరింగ్‌లో ఒక్కటే గట్టిగా చెప్తాను. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో, డీసీకి (బ్యాటరీ నుంచి వచ్చే కరెంటుకి) తగిన ఫ్యూజో బ్రేకరో ఉండాలి. ఇంట్లో వాడే మామూలు ఏసీ ఎంసీబీ పెట్టేసి అయిపోయిందనే ఎలక్ట్రీషియన్లు చాలామంది తగులుతారు. డీసీ తెగేటప్పుడు లేచే నిప్పు మెరుపు (ఆర్క్) దానితో ఆగదు. 48 వోల్టులకి వెళ్ళడంలో ఇక్కడా లాభం ఉంది. వెయ్యి వాట్లకి 12 వోల్టుల్లో తొంభై ఆంపియర్లు దాటి పారాలి, బొటనవేలంత కేబుల్ కావాలి. 48లో అదే పని పాతిక ఆంపియర్లలోపు అయిపోతుంది.

అన్నీ బిగించాక సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం మెయిన్ ఆపేసి, ఆదివారం సాయంత్రం దాకా బ్యాటరీ మీదే ఉండి చూడండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి, ఏదైనా తేడా వస్తే సరిచేయించుకోవడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి. మీరు ఊళ్ళో లేకపోతే అమ్మగారి చేతే చేయించండి, స్విచ్ ఎక్కడుందో, శాతం ఎక్కడ చూడాలో ఆవిడకి తెలియాలి.

పాత 850 వీఏనీ ఆ 150 ఏహెచ్‌నీ మాత్రం షాపతను ఎక్స్‌చేంజ్ అన్నా వెంటనే ఇచ్చెయ్యకండి. వాటిని విడిగా అలాగే ఉంచి, హాల్లో లైట్లు, వైఫై, ఫోన్ ఛార్జర్లు వాటి మీదకి మార్చేయండి. రెండు సిస్టమ్‌ల వైర్లు, న్యూట్రల్‌తో సహా, ఎక్కడా కలవకూడదు. ఆ చిన్నదాంట్లో ఇంకా ఒక యూనిట్ పైనే ఉంటుంది, పెద్దదానికి ఏమన్నా అయినా ఇల్లు పూర్తిగా చీకటవదు. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుంటూ ఉంటే ఇంకో రెండేళ్ళు నడుస్తుంది, అప్పుడు ఇచ్చేయొచ్చు. లోపలి సీసానికి అప్పుడూ ధర పలుకుతుంది.